మినియేచర్ల మీద వెలుగు వేయడం: లాంతరు పట్టుకున్న మాంత్రికుడితో మొదటి నుంచి చివరిదాకా

"లాంతరు నిజంగా వెలుగుతున్నట్టే ఉంది, ఎలా వేశావు?" అని నా మినియేచర్లు (టేబుల్ మీద ఆడే ఆటల్లో వాడే చిన్న బొమ్మలు) చూసి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు తగ్గింది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. దీని అసలు పేరు ఆబ్జెక్ట్ సోర్స్ లైటింగ్, పెయింటర్లు పొట్టిగా ఓఎస్ఎల్ అంటారు. బొమ్మలోనే ఉన్న లాంతరు, కాగడా, మంత్రపు కత్తి లాంటి వస్తువు నుంచి వెలుగు వచ్చి చుట్టుపక్కల పడుతున్నట్టు రంగులతో భ్రమ పుట్టించడం, అంతే.

ఒక మాట ముందే చెప్పేస్తా. నేను చూసిన ఫెయిలైన ఓఎస్ఎల్‌లలో (వాటిలో సగం నావే) తప్పు పసుపులోనో నారింజలోనో ఉండదు, చుట్టూ చీకటి చాలకపోవడంలో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ప్రమిద పెడితే అది వెలుగుతోందో ఆరిపోయిందో దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలియదు. దీపావళి అమావాస్య రాత్రి అదే ప్రమిద వీధి చివరికి కనబడుతుంది. ఈ గైడ్‌లో సగం పని చీకటి వేయడమే, ఓపిక పట్టండి.

ఉదాహరణకి నేను తీసుకున్నది 32 మి.మీ. సైజు మాంత్రికుడు. ఎడమ చేతిలో ఛాతీ ఎత్తున లాంతరు, ఒంటి మీద నీలం అంగీ, తెల్ల గడ్డం, వెడల్పు అంచు టోపీ, తోలు బెల్టు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల దగ్గర ఇలాంటిది ఒకటైనా ఉంటుంది. లేకపోతే కాగడా పట్టుకున్న ఎవరైనా సరే.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- నల్ల ప్రైమర్ (రంగు బాగా పట్టేలా ముందు వేసే పూత). స్ప్రే అయినా, బ్రష్‌తో వేసేదైనా పర్లేదు.
- అక్రిలిక్ రంగులు: నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ, ఇటుక ఎరుపు, నారింజ, పసుపు, ఐవరీ, తెలుపు. సిటడెల్, వలేహో, ఏ కంపెనీదైనా పనికొస్తుంది.
- గ్లేజ్ మీడియం (రంగుని పలుచన చేసే ద్రవం) ఒక సీసా. దీన్ని మాత్రం మానకండి.
- సైజు 1, సైజు 0 బ్రష్‌లు, మొన చెదరనివి. మూడు సున్నాల బ్రష్ అక్కర్లేదు, అంత చిన్న మొన మీద రంగు బొమ్మ దాకా వచ్చేలోపే ఆరిపోతుంది.
- డ్రైబ్రష్ చేయడానికి (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడానికి) పాత బ్రష్ ఒకటి.
- వెట్ ప్యాలెట్ (రంగు ఆరిపోకుండా ఉంచే తడి పలక).
- టిష్యూ పేపరు, రెండు గ్లాసుల నీళ్లు.

వెట్ ప్యాలెట్ కొనాల్సిన పని లేదు. మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, పైన కేకుల కింద వేసే బేకింగ్ పేపరు వేస్తే చాలు. మైనం పూసిన కాగితం వేయకండి, నీళ్లు పైకి రావు. మన వేసవిలో సీలింగ్ ఫ్యాను కింద కూర్చుని మామూలు ప్లేటు మీద గ్లేజ్ (బాగా పలుచటి రంగు) కలిపితే రెండు నిమిషాల్లో జిగురైపోతుంది. ఈ పనికి వెట్ ప్యాలెట్ లేకుండా దిగకండి.

స్ప్రే ప్రైమర్ వాడేవాళ్లకి ఇంకొకటి: వాన పడుతున్నప్పుడు స్ప్రే కొట్టకండి. గాలిలో తేమ ఎక్కువుంటే ప్రైమర్ గరుకుగా, బూజు పట్టినట్టు దిగుతుంది, ఆ గరుకు మీద గ్లేజ్ ఎంత బాగా వేసినా మచ్చలుగానే కనిపిస్తుంది.

2. వెలుగు ఎక్కడ పడుతుందో ముందు కళ్లతో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇది, నా లెక్కలో అన్నింటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

బొమ్మకి ప్రైమర్ వేసి ఆరాక రాత్రిపూట లైట్లన్నీ ఆపేయండి. పండక్కి వాడే సీరియల్ లైట్ల దండ ఉంటుంది కదా, పసుపు తెలుపు రంగుది, అందులో ఒక్క బల్బు బయటికి వదిలి మిగతావన్నీ గుడ్డలో చుట్టేయండి. ఆ బల్బుని లాంతరుకి ఆనించి పట్టుకోండి. ఫోన్ టార్చ్ ఈ పనికి పెద్దది, బొమ్మంతా వెలిగిపోతుంది. బల్బు లాంతరు సైజులో ఉంటేనే నీడలు సరిగ్గా పడతాయి.

ఎదురుగా, ఎడమ నుంచి, కుడి నుంచి మూడు ఫొటోలు తీసుకోండి. ఆ ఫొటోలు చూస్తే ఊహించనివి కొన్ని కనిపిస్తాయి.

టోపీ పైభాగం పూర్తిగా నల్లగా ఉంటుంది కానీ అంచు అడుగు భాగం వెలుగుతుంది. ముక్కు నీడ కుడి చెంప మీద పైకి పడుతుంది. కనుబొమ్మ కింద గుంట వెలుగుతుంది, నుదురు వెలగదు. లాంతరు పట్టుకున్న వేళ్ల లోపలివైపు మండుతున్నట్టుంటుంది, మనవైపున్న వేళ్ల వెనకభాగం నల్లగా గీతలా నిలబడుతుంది. నేను మొదట్లో ఆ చెయ్యి మొత్తానికీ నారింజ పూసేసేవాణ్ని, దీపానికి దగ్గర కదా అని. ఆ చెయ్యి చూసి మా తమ్ముడు "అన్నయ్యా, ఈయన పసుపు దంచి వచ్చాడా?" అన్నాడు.

దూరం సంగతి కూడా ఇక్కడే గమనించండి. దూరం పెరిగేకొద్దీ వెలుగు ఆ దూరం వర్గం (స్క్వేర్) లెక్కన పడిపోతుంది. లాంతరుకి 4 మి.మీ. దూరంలో ఉన్న గడ్డం మీద 16 పాళ్లు పడితే, 8 మి.మీ. దగ్గర 4 పాళ్లే, 16 మి.మీ. దగ్గర ఒక్క పాలే. అంటే గడ్డం మీద ఉన్నంత వెలుగు మోకాలి దగ్గర ఉండే ప్రశ్నే లేదు, పాదాల దగ్గర ఏమీ లేకపోయినా తప్పు కాదు.

3. బేస్ రంగులు: మామూలు కంటే రెండు మెట్లు ముదురు

ఇప్పుడు బొమ్మంతా మామూలుగా పెయింట్ చేయండి, కానీ పగటి బొమ్మకి వాడే రంగుల కంటే రెండు మెట్లు ముదురుగా. నీలం అంగీకి ముదురు నీలంలో మూడో వంతు నలుపు. బెల్టుకి ముదురు గోధుమలో నలుపు. గడ్డానికి తెలుపు వద్దు, నీలం కలిసిన ముదురు బూడిద రంగు వేయండి. చీకట్లో తెల్ల గడ్డం తెల్లగా కనబడదు.

చర్మానికీ అదే. మామూలు చర్మం రంగులో ముదురు గోధుమ, చిటికెడు నీలం కలపండి.

నీడల్లోకి కొద్దిగా నీలం తోయడం వెనక ఒక లెక్క ఉంది. నారింజ వెలుగు పక్కన నీలం నీడ ఉంటే రెండూ ఒకదాన్నొకటి ఎక్కువ చేసి చూపిస్తాయి. మరీ నీలంగా చేయక్కర్లేదు, వెన్నెల ఏదో ఉందేమో అనిపిస్తే చాలు.

హైలైట్లు (పైకి తేలిన చోట్ల వేసే లేత రంగులు) ఇక్కడ వేయాలంటే లైట్‌గా వేయండి, లేదా వదిలేయండి. ఈ మెట్టు అయ్యేసరికి బొమ్మ నిరుత్సాహంగా, మసిగుడ్డలా కనిపించాలి. "అయ్యో పాడైపోయిందే" అనిపిస్తే సరైన దారిలోనే ఉన్నారు.

4. లాంతరుని ముందు తెల్లగా చేయండి

పసుపు రంగు నలుపు మీద పట్టదు. ఎన్ని కోట్లు (పూతలు) వేసినా పచ్చటి బురదలా ఉంటుంది. అందుకని లాంతరు అద్దాల భాగం, లోపలి మంట, ముందు ఐవరీతో రెండు పలుచటి కోట్లు, తర్వాత తెలుపుతో రెండు కోట్లు. ఒక్కటే మందపు కోటు వేస్తే అద్దం గీతలు పూడిపోతాయి.

తెలుపు ఆరాక పలుచటి పసుపు, అంచుల్లో మాత్రం కాస్త నారింజ. మధ్యలో తెలుపు అలాగే వదలండి. బొమ్మ మొత్తంలో అన్నింటికన్నా తెల్లటి చోటు ఇదొక్కటే ఉండాలి. ఇంకెక్కడైనా దీనికంటే తెల్లగా ఏదైనా కనబడిందంటే భ్రమ అక్కడే విరుగుతుంది.

లాంతరు చట్రం, పైకప్పు, గొలుసు మాత్రం దాదాపు నలుపులోనే ఉంచండి. తెల్లటి అద్దం పక్కన నల్ల చట్రం ఉంటే అద్దం రెట్టింపు వెలుగుతున్నట్టుంటుంది.

మీ బొమ్మ చేతిలో కాగడా ఉంటే మంట వేసే క్రమం జాగ్రత్త. మనకి అలవాటైన హైలైట్ పద్ధతి ఇక్కడ తిరగబడుతుంది. మంట మొదట్లో, మడతల లోతుల్లో అన్నింటికన్నా లేత రంగు, పైకి తేలిన అంచులూ కొసలూ ముదురు ఎరుపు. లోపల తెలుపు, తర్వాత పసుపు, నారింజ, ఎరుపు, చివర్లో కొద్దిగా మసి. అలవాటు ప్రకారం కొసల మీద పసుపు డ్రైబ్రష్ చేశారంటే అది మంటలా ఉండదు, మొక్కజొన్న పొత్తులా ఉంటుంది.

5. వెలుగు పడే చోట్లు గుర్తు పెట్టడం

ముదురు నీలం మీద నేరుగా నారింజ గ్లేజ్ వేస్తే ఏమవుతుందో ఒకసారి కాగితం మీద వేసి చూడండి. బురద రంగు వస్తుంది. అందుకే ముందు ఆ చోట్లని లేతగా చేసుకోవాలి.

ఐవరీలో చిటికెడు గోధుమ కలిపితే వెచ్చటి బూడిద రంగొస్తుంది. పాత బ్రష్‌కి అంటించి, టిష్యూ మీద దాదాపు మొత్తం తుడిచేసి, లాంతరు ఉన్న వైపు నుంచి బయటికి మాత్రమే తేలిగ్గా రుద్దండి. బ్రష్‌ని లాంతరు నుంచి బయలుదేరిన వెలుగు అనుకోండి, అది తిన్నగా వెళ్లి ఎక్కడ తగిలితే అక్కడే రంగు అంటుతుంది. మడత వెనక్కి తిప్పకండి.

ఫొటోలు పక్కనే పెట్టుకుని ఈ చోట్లు చూసుకోండి:

- గడ్డంలో లాంతరు వైపు పాయలు
- ఎడమ చెంప, ముక్కు అడుగు, కనుబొమ్మ కింద గుంట
- టోపీ అంచు అడుగు, ఎడమ సగం
- ఛాతీ మీద అంగీ మడతల్లో లాంతరు వైపు చెంపలు (పక్కలు)
- ఎడమ చేతి మీది అంగీ స్లీవ్ లోపలి వైపు
- వేళ్ల లోపలి వైపు
- బెల్టు బకిల్‌కి పై అంచు

దగ్గరున్న చోట రెండుసార్లు, దూరంగా ఉన్నచోట ఒకసారి రుద్దండి. డ్రైబ్రష్ పడని చిన్న చోట్లకి (ముక్కు అడుగు, వేళ్లు) బ్రష్ మొనతో పలుచగా వేసేయండి.

6. గ్లేజులు

అసలు పని ఇక్కడుంది. తొందర ఉన్నరోజు దీన్ని మొదలుపెట్టకండి.

గ్లేజ్ అంటే కింద రంగు కనబడేంత పలుచటి రంగు. ఒక చుక్క రంగుకి మూడు చుక్కలు గ్లేజ్ మీడియం, రెండు మూడు చుక్కలు నీళ్లు. అచ్చంగా నీళ్లే పోస్తే రంగు విరిగి అంచుల్లో గీతలు కడుతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే పాత న్యూస్‌పేపరు మీద ఒక గీత గీయండి. కింద అక్షరాలు హాయిగా చదవగలిగితే పలుచన సరిపోయింది.

బ్రష్‌ని గ్లేజ్‌లో ముంచాక టిష్యూకి ఒకసారి తాకించండి. తాకించకపోతే బొమ్మ మీదికి గ్లేజ్ పోదు, చెరువు పోతుంది.

గీత దిశ ఒకటి గుర్తు పెట్టుకోండి. బ్రష్ గీత ఎక్కడ ముగుస్తుందో అక్కడ రంగు ఎక్కువ నిలుస్తుంది. కాబట్టి చీకటి వైపు నుంచి మొదలుపెట్టి లాంతరు వైపుకి లాగి ఎత్తండి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఏడాది పాటు తిరగేసి గీసి, వెలుగు దూరంగా ఎక్కువ, దగ్గర తక్కువ ఎందుకు పడుతోందో అర్థం కాక తల పట్టుకున్నాను.

క్రమం ఇలా:

1. ఇటుక ఎరుపు గ్లేజ్, గుర్తు పెట్టిన చోటంతా, దాని అంచు దాటి కొంచెం చీకట్లోకి కూడా. మూడు పొరలు.
2. నారింజ గ్లేజ్, లోపలి మూడింట రెండొంతుల మీద. మూడు పొరలు.
3. పసుపులో కాస్త నారింజ, లాంతరుకి దగ్గరున్న మూడో వంతు మీద. రెండు పొరలు.
4. పసుపు, ఐవరీ సగం సగం, అద్దానికి ఎదురుగా తాకుతున్నట్టుండే చోట్ల చుక్కలుగా. గడ్డంలో రెండు పాయలు, స్లీవ్ మడత ఒకటి, అంతే.

ప్రతి పొరకీ మధ్య పూర్తిగా ఆరనివ్వండి. మూడు నాలుగు నిమిషాలు చాలు, హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో పెట్టండి. సగం ఆరిన గ్లేజ్‌ని మళ్లీ బ్రష్‌తో కదిపితే అక్కడ చిరిగిన పొరలాంటి మచ్చ పడుతుంది. అది కనబడగానే సరిచేద్దామని చెయ్యి ఆగదు, ఆపుకోండి.

ఒక్కో వస్తువు ఒక్కోలా స్పందిస్తుంది. తెల్ల గడ్డం వెలుగు రంగుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, అందుకే బొమ్మ మీద బాగా కనబడే చోటు అదే అవ్వాలి. నీలం బట్ట నారింజ వెలుగుని మింగేస్తుంది, కాబట్టి అంగీ మీద గడ్డంలో సగం తీవ్రతే ఉంచండి, అక్కడ కాస్త మట్టి రంగు వచ్చినా కంగారు పడకండి, నిజంగానూ అలాగే ఉంటుంది. నల్ల తోలు మీద వెలుగు పరుచుకోదు, అంచు మీద సన్నటి మెరుపుగా మాత్రమే కనిపిస్తుంది.

7. అంచులు

సైజు 0 బ్రష్‌తో, లాంతరు వైపు తిరిగిన అంచుల మీద మాత్రమే నారింజ, ఐవరీ కలిపిన సన్న గీతలు: టోపీ అంచు లోపలి గీత, స్లీవ్ చివర, బకిల్. బకిల్ లాంటి లోహం మీద ఒక్క తెల్ల చుక్క సూదిమొనంత. బొమ్మ కుడివైపు అంచులకి ఇవి వద్దు. అలవాటుగా చెయ్యి అటు పోతుంది.

8. మళ్లీ చీకటి వేయండి

గ్లేజులు వేసేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా నారింజ అక్కర్లేని చోటికి పాకుతుంది. ఇప్పుడు నలుపు, నీలం కలిపిన గ్లేజ్ తీసుకుని, లాంతరుకి వెనకున్నవన్నీ ఒకసారి ముదురు చేయండి. మడతల వెనక చెంపలు, కుడి భుజం కింద, ముక్కు నీడ, వేళ్ల బయటి వైపు. వెలుగు పడే చోటుకి ఆనుకుని ఉన్న మడత వెనకవైపు పదునైన నీడ గీత పెడితే ముందువైపు మీరు ఏమీ ముట్టకుండానే ఇంకాస్త వెలుగుతుంది.

తర్వాత ఫోన్‌తో నలుపు తెలుపులో ఒక ఫొటో తీయండి. అందులో లాంతరు అన్నింటికంటే తెల్లగా, గడ్డం దాని తర్వాత, కుడివైపు దాదాపు నల్లగా కనబడాలి. మొత్తం ఒకే బూడిద రంగులో ఉంటే మూడో మెట్టులో చీకటి తక్కువ వేశారు. భయపడకండి, ఇప్పుడైనా ముదురు గ్లేజులతో వెనక్కి తోయొచ్చు.

9. ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లకి

ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) ఉంటే ఐదో మెట్టు, ఆరో మెట్టు పావుగంటలో అయిపోతాయి. 0.3 మి.మీ. నాజిల్, 15 పీఎస్ఐ దగ్గర ఒత్తిడి, పలుచటి రంగు, లాంతరు స్థానం నుంచి బయటికి గురి. చిక్కు ఏమిటంటే ఎయిర్‌బ్రష్‌కి నీడలు తెలియవు, పొగమంచులా అన్నిచోట్లా పడుతుంది. అందుకే ఎనిమిదో మెట్టు మీకు రెట్టింపు పని. ఎయిర్‌బ్రష్‌తో కొట్టి అక్కడితో ఆపేసిన బొమ్మలు చూడగానే తెలిసిపోతాయి, నారింజ రంగు పౌడర్ చల్లినట్టుంటాయి.

10. ఆకుపచ్చ, నీలం వెలుగులు

పద్ధతి అదే, రంగులే మారతాయి. వార్‌హ్యామర్ 40,000 అనే బొమ్మల యుద్ధం ఆటలో నెక్రాన్లనే రోబో సైన్యం తుపాకుల ఆకుపచ్చకి: ముదురు ఆకుపచ్చ, ఆకుపచ్చ, పసుపు కలిసిన ఆకుపచ్చ, చివర తెలుపు. సిటడెల్ వాళ్ల టెసరాక్ట్ గ్లో, హెక్స్‌రైత్ ఫ్లేమ్ లాంటి రంగులు కింద తెలుపు ఉంటేనే మెరుస్తాయి. ఫ్లోరోసెంట్ రంగులూ అంతే, అవి సరిగ్గా కప్పవు కాబట్టి తెలుపు మీద చివరి పొరగా మాత్రమే వాడండి.

ఎర్రగా మెరిసే కళ్లు అడుగుతుంటారు. కంటిలో తెల్ల చుక్క, దాని మీద ఎరుపు గ్లేజ్, మధ్యలో మళ్లీ నారింజ చుక్క, కంటి గుంట కింద అంచుకి ఎరుపు గ్లేజ్ ఒక్క పొర. చెంపల దాకా లాగకండి, కళ్లకలక వచ్చినట్టుంటుంది.

ఒకే బొమ్మ మీద రెండు వెలుగులు మొదటి పది బొమ్మలదాకా వద్దు.

11. తప్పులు, మరమ్మతులు

- తుప్పు పట్టినట్టుంది. కవచం మీద నారింజ వేస్తే తరచూ ఇలా అవుతుంది. కారణం అంచులు స్పష్టంగా లేకపోవడం, దిశ లేకపోవడం. వెలుగుకి వెనక చెంపలు నల్లగా చేయండి, ముందు అంచుల మీద లేత పసుపు గీత పెట్టండి. ఆకుపచ్చ వెలుగులో ఇదే తప్పు నాచు పట్టినట్టు కనబడుతుంది.
- సుద్దలా పొడిబారింది. తెలుపు నేరుగా ఎక్కువ వాడారు. ఆ చోట నారింజ గ్లేజ్ రెండు పొరలు వేయండి. ఇకముందు లేత చేయడానికి తెలుపు బదులు ఐవరీ కలపండి.
- మరక అంచులు గీతల్లా నిలిచాయి. బ్రష్‌లో తడి ఎక్కువైంది. ఆరాక బేస్ రంగుని పలుచగా ఆ గీత మీద వేసి, మళ్లీ గ్లేజ్ వేయండి.
- వెలుగు మరీ దూరం పాకింది. ముదురు నీలం గ్లేజ్‌తో బయటి నుంచి లోపలికి తినుకుంటూ రండి.
- లాంతరు కంటే గడ్డమే ఎక్కువ వెలుగుతోంది. గడ్డం మీద నారింజ ఒక పొర, లాంతరు మధ్యలో కొత్త తెల్ల చుక్క.
- ఎంత వేసినా వెలగట్లేదు. మళ్లీ మూడో మెట్టు చదవండి.

12. వార్నిష్

మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత) వేశాక వెలుగు కొద్దిగా దిగుతుంది, ముఖ్యంగా చివర పెట్టిన తెల్ల చుక్కలు మసకబారతాయి. కాబట్టి ముందు బొమ్మంతా మ్యాట్ వార్నిష్ పలుచగా వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, లాంతరు మధ్యలో తెలుపు, గడ్డంలో ఆ రెండు పాయల మీద ఐవరీ మళ్లీ ఒకసారి తాకించండి. చివరగా లాంతరు అద్దానికి మాత్రం గ్లాసీ (మెరిసే) వార్నిష్ బ్రష్‌తో ఒక్క కోటు. ఆటలో బొమ్మని ఎప్పుడూ టోపీ పట్టుకుని ఎత్తేవాడు ఒకడు ఉంటాడు కదా, వాడికోసం టోపీకి రెండో కోటు మ్యాట్ కూడా వేసేయండి.